చలికాలపు రాత్రి ఆకాశం: మూడు చుక్కలు పట్టుకుంటే చాలు

నక్షత్రాలను గుర్తుపట్టడం నేర్చుకోవడానికి చలికాలాన్ని మించిన కాలం లేదు. ఆకాశం మొత్తం మీద మొదటి తరగతి ప్రకాశం ఉన్న నక్షత్రాలు 21 ఉంటే, వాటిలో ఎనిమిది ఈ కాలంలో ఒకే పక్కన చేరి కనిపిస్తాయి. అన్నిటికన్నా ప్రకాశవంతమైన రెండూ ఆ ఎనిమిదిలోనే ఉన్నాయి. చాలామంది మొదటి రోజే పటం ముందేసుకుని ఆకాశమంతా ఒకేసారి నేర్చేసుకోవాలని చూస్తారు, నాలుగు రోజులకు విసుగొచ్చి వదిలేస్తారు. అంత అవసరం లేదు. వేటగాడి ఆకారంలో ఊహించుకునే ఓరియన్ నక్షత్రరాశి నడుముపట్టీలోని మూడు చుక్కలను పట్టుకోండి. మిగతావి ఒక్కొక్కటే వాటి నుంచి దొరుకుతాయి.

ఇక్కడ చెప్పే దిక్కులన్నీ ఉత్తరార్ధగోళంలో ఉన్నవాళ్లకు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నవాళ్లకు ఓరియన్ దాదాపు నడినెత్తిన కనిపిస్తే, ఉత్తరాన దూరంగా ఉన్నవాళ్లకు దక్షిణ దిక్కున కాస్త కిందగా కనిపిస్తుంది. అంతే తేడా.

ఎప్పుడు, ఎటు చూడాలి

నక్షత్రాలు రోజుకు సుమారు నాలుగు నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి. అంటే నెలకు రెండు గంటలు. డిసెంబరు 15 ప్రాంతంలో ఓరియన్ పొద్దుగూకాక తూర్పున లేచి, అర్ధరాత్రికి ఆకాశంలో తన అత్యున్నత స్థానానికి చేరుతుంది. జనవరి మధ్యకు అదే స్థానానికి రాత్రి పదికి, ఫిబ్రవరి మధ్యకు ఎనిమిదికే వచ్చేస్తుంది. మార్చి చివర్లో చీకటి పడేసరికే పడమటికి వాలిపోయి ఉంటుంది. "నిన్నటిదాకా ఇక్కడే ఉండేది, ఇప్పుడు కనబడటం లేదు" అనుకునే ముందు నెల, గంట రెండూ చూసుకోండి.

దూరాలు కొలవడానికి చెయ్యి చాలు. చెయ్యి పూర్తిగా చాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు 10 డిగ్రీలు. మధ్య మూడు వేళ్లు కలిపితే 5 డిగ్రీలు, చిటికెన వేలు ఒక్కటే అయితే ఒక డిగ్రీ. పిల్లల చేతులకూ ఈ లెక్కే పనికొస్తుంది, ఎందుకంటే వాళ్ల చెయ్యి ఎంత పొట్టో పిడికిలీ అంత చిన్నది.

కళ్లు చీకటికి అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత ఫోను తెర ఒక్కసారి చూసినా మళ్లీ మొదటికొస్తుంది. పటం చూడక తప్పదనుకుంటే టార్చికి ఎర్రటి పారదర్శక కాగితం రెండు మూడు పొరలు చుట్టండి. చీకట్లో పనిచేసే కంటి కణాలకు ఎర్ర కాంతి పెద్దగా తెలియదు. ఫోనులో యాప్ పెట్టుకుని దాన్ని ఆకాశం వైపు ఊపుతూ తిరగడం కన్నా, బయటికి వచ్చే ముందే ఇంట్లో పటం చూసుకుని రెండు గుర్తులు మనసులో పెట్టుకోవడం మేలు.

ఓరియన్

నడుముపట్టీలోని మూడు చుక్కల పేర్లు మింటాకా, ఆల్నిలమ్, ఆల్నిటాక్. మూడూ దాదాపు ఒకే ప్రకాశంతో, ఒకే గీతలో, మూడు డిగ్రీల లోపే సర్దుకుని ఉంటాయి. ఇలాంటి వరుస ఆకాశంలో ఇంకెక్కడా లేదు, కాబట్టి పొరపాటు పడే అవకాశం తక్కువ. తూర్పున ఉదయించేటప్పుడు ఈ గీత దాదాపు నిట్టనిలువుగా ఉంటుంది, పడమట దిగేటప్పుడు పక్కకు వాలిపోతుంది. మింటాకా ఖగోళ మధ్యరేఖకు, అంటే భూమధ్యరేఖకు సూటిగా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకు, ఆనుకుని ఉంటుంది. అందువల్ల భూమ్మీద ఎక్కడి నుంచి చూసినా సరిగ్గా తూర్పున లేచి సరిగ్గా పడమట అస్తమిస్తుంది. కొత్తచోట దిక్కు తెలుసుకోవడానికి దిక్సూచి అక్కర్లేదు.

దక్షిణం వైపు తిరిగి చూస్తే పట్టీకి పైన ఎడమ పక్కన నారింజ రంగులో ఉన్నది ఆర్ద్ర, అంటే బెటెల్‌జూస్. కింద కుడి పక్కన నీలి తెలుపులో మెరిసేది రైజెల్. ఆర్ద్ర ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 3,500 కెల్విన్లు, రైజెల్‌ది 12,000 దాకా. రంగుల్లో తేడాకు అదే కారణం. మామూలు కంటికి ఈ తేడా సరిగా తెలియకపోతే బైనాక్యులర్స్‌లో చూస్తూ ఫోకస్ కొంచెం చెడగొట్టండి. చుక్క చిన్న బిళ్లలా విచ్చుకుని రంగు స్పష్టంగా బయటపడుతుంది. ఫోకస్ సరిగ్గా ఉన్నప్పుడు కాంతంతా ఒకే బిందువులో పడి కంటిని ముంచేయడం వల్లే అన్నీ తెల్లగా కనిపిస్తాయి.

ఆర్ద్ర ప్రకాశం స్థిరంగా ఉండదు. 2019 చివరి నుంచి 2020 ఫిబ్రవరి దాకా అది ఎంతగా మసకబారిందంటే, పట్టీకి పైన కుడి పక్కనున్న బెల్లాట్రిక్స్‌తో సమానమైపోయింది. పేలిపోతుందేమోనన్న మాట కూడా వినిపించింది. తీరా చూస్తే నక్షత్రం తనలోంచి వెలువరించిన పదార్థం చల్లబడి ధూళిగా మారి అడ్డుపడటమే కారణమని తేలింది. దీన్ని గమనించడానికి పరికరం ఏదీ అక్కర్లేదు. నెలకు రెండుసార్లు ఆర్ద్రను కింద చెప్పబోయే రోహిణితో, రైజెల్‌తో పోల్చి ఏది ఎంత ప్రకాశంగా ఉందో రాసిపెట్టుకుంటే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త తీసుకోండి. పోల్చే నక్షత్రాలు దిగంతం నుంచి ఇంచుమించు ఒకే ఎత్తులో ఉన్నప్పుడు పోల్చండి. కిందనున్న దాని కాంతిని వాతావరణం ఎక్కువగా మింగేస్తుంది.

ఆర్ద్రకూ బెల్లాట్రిక్స్‌కూ మధ్య, కాస్త పైన, మూడు చిన్న చుక్కలు ముక్కోణంలా ఇరుక్కుని ఉంటాయి. అదే మృగశిర. ఆకాశం ఎంత బాగుందో తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి గుర్తు లేదు. తరగతి అంకె పెరిగేకొద్దీ ప్రకాశం తగ్గుతుంది. మూడింటిలో ప్రకాశవంతమైనది సుమారు 3.5 తరగతిది, మిగతా రెండూ 4.1, 4.4. ఒక్కటే కనిపిస్తే ఆ రోజు ఆకాశం అంతంతమాత్రం, గ్రహాలూ జంట నక్షత్రాలూ చూసుకోండి. మూడూ విడివిడిగా కనిపిస్తే నీహారికలకూ (వాయువు, ధూళి మేఘాలు) గుచ్ఛాలకూ (నక్షత్రాల గుంపులు) మంచి రాత్రి. ఒక్కటీ కనిపించకపోతే వీధి దీపం కంట్లో పడుతోందేమో, పొగమంచు అలుముకుందేమో చూసి చోటు మార్చండి. దీపం నేరుగా కంట్లో పడకుండా గోడ నీడకు జరిగితేనే చాలా తేడా వస్తుంది.

పట్టీ కింద వేలాడుతున్నట్టుండే మూడు మసక చుక్కల వరుసే ఓరియన్ కత్తి. మధ్యలోది చుక్క కాదు. అది ఓరియన్ నీహారిక, పటాల్లో ఎం42 అని ఉంటుంది. దూరం సుమారు 1,340 కాంతి సంవత్సరాలు, వెడల్పు 24 కాంతి సంవత్సరాల దాకా. అక్కడ నక్షత్రాలు ఇప్పటికీ పుడుతూనే ఉన్నాయి. చీకటి చోట మామూలు కంటికే మసక మరకలా తెలుస్తుంది. 10 రెట్లు పెంచే (10x50) బైనాక్యులర్స్‌లో పక్షి రెక్కలు చాపినట్టు రెండు వైపులా పాకిన బూడిద రంగు వెలుగు కనిపిస్తుంది. చిన్న టెలిస్కోపులో 50 రెట్లు పెంచి చూస్తే నడుమ నాలుగు చుక్కలు, చిన్న చతుర్భుజంలా. దాని పేరు ట్రపీజియం. ఆ నాలుగింటిలో ప్రకాశవంతమైన నక్షత్రమే దాదాపు మొత్తం నీహారికను వెలిగిస్తోంది.

మొదటిసారి చూసేవాళ్లు ఇక్కడే నిరాశపడతారు. ఫొటోల్లో ఎర్రగా గులాబీగా ఉన్నది కంటికి బూడిదగా, మహా అయితే లేత ఆకుపచ్చగా కనిపిస్తుంది. టెలిస్కోపుది లోపం కాదు. అంత మసక కాంతిలో కంటి రంగు కణాలు పనిచేయవు, కెమెరా నిమిషాల తరబడి కాంతి పోగు చేసుకుంటుంది. మీరు చేయగలిగిందల్లా చూపు పక్కకు తిప్పడం. నీహారికను సూటిగా చూడకుండా దానికి కొంచెం పక్కనున్న చోటు మీద కన్ను నిలిపి, ధ్యాస మాత్రం నీహారిక మీద పెట్టండి. చీకటి కణాలు కంటి నడిమధ్యలో ఉండవు, చుట్టూ ఉంటాయి. రెండు నిమిషాలు ఓపిక పడితే రెక్కలు మొదట చూసినదాని కన్నా రెట్టింపు దూరం పాకుతాయి.

పట్టీకి కిందివైపు: సిరియస్, అగస్త్యుడు

పట్టీ గీతను ఎడమ వైపు కిందికి రెండు పిడికిళ్లు పొడిగిస్తే సిరియస్ తగులుతుంది. మన పుస్తకాల్లో లుబ్ధకం అంటారు. రాత్రి ఆకాశంలో ఇంతకన్నా ప్రకాశవంతమైన నక్షత్రం లేదు, దూరం 8.6 కాంతి సంవత్సరాలే. ఓరియన్ ఉదయించాక గంటన్నర, రెండు గంటలకు ఇది లేస్తుంది. దిగంతానికి దగ్గరగా ఉన్నప్పుడు ఎరుపు, నీలం, ఆకుపచ్చ మార్చి మార్చి మెరుస్తుంది కాబట్టి విమానమనో ఇంకేదో అనో పొరబడతారు. కారణం మన వాతావరణం. దాని కాంతి మందపాటి గాలిపొరల్లోంచి వస్తూ రంగులుగా విడిపోయి వణుకుతుంది. పైకి ఎక్కేకొద్దీ నిలకడగా తెల్లబడుతుంది.

దీని పక్కన కంటికి కనిపించని తోడు నక్షత్రం ఉందని 1844లో జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బెసెల్ గణితంతోనే చెప్పారు. 1862లో అమెరికాకు చెందిన టెలిస్కోపుల తయారీదారు ఆల్వన్ గ్రాహం క్లార్క్ దాన్ని టెలిస్కోపులో పట్టుకున్నారు. అది తెల్ల మరుగుజ్జు, అంటే ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం, చిన్న టెలిస్కోపుకు దొరకదు. దొరికేది ఎం41. సిరియస్ కిందుగా నాలుగు డిగ్రీల దూరంలో, బైనాక్యులర్స్‌లో సిరియస్‌తో పాటు ఒకే చట్రంలో పట్టే నక్షత్ర గుచ్ఛం ఇది.

సిరియస్‌కు దాదాపు సూటిగా కింద మూడున్నర పిడికిళ్ల దూరంలో అగస్త్య నక్షత్రం, కనోపస్, ఉంటుంది. ప్రకాశంలో రెండో స్థానం దీనిదే. సిరియస్ అత్యున్నత స్థానానికి చేరే సమయానికి 20 నిమిషాల ముందు ఇది తన అత్యున్నత స్థానంలో ఉంటుంది. 37 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి పైన ఉన్నవాళ్లకు అసలు ఉదయించదు. 17 డిగ్రీల దగ్గర ఉన్నవాళ్లకు రెండు పిడికిళ్ల ఎత్తుకు వస్తుంది. దక్షిణాన చెట్లూ మేడలూ లేని చోటు కావాలి, ఆ గంట దాటకుండా చూడాలి. దీన్ని వెతకడానికి రాత్రి ఏడింటికే బయటికొచ్చి లేదని వెళ్లిపోయేవాళ్లు ఎక్కువ.

పట్టీకి పైవైపు: రోహిణి, కృత్తికలు

అదే గీతను కుడి వైపు పైకి రెండు పిడికిళ్లు పొడిగిస్తే, సూటిగా కాకుండా కొంచెం పైకి వంగి, నారింజ రంగు రోహిణి కనిపిస్తుంది. దాని చుట్టూ వి ఆకారంలో ఉన్న చుక్కల గుంపు పేరు హయడీస్, దూరం సుమారు 150 కాంతి సంవత్సరాలు. రోహిణి ఆ గుంపులోది కాదు. 65 కాంతి సంవత్సరాల దూరంలో, మనకూ దానికీ మధ్య దారిలో ఉంది. రెండూ ఒకే వరుసలో పడటం వల్ల ఒకటిగా కనిపిస్తాయి.

ఇంకొంచెం ముందుకు, ఒకటిన్నర పిడికిలి లోపే, కృత్తికలు. పల్లెల్లో పిల్లలకోడి అంటారు. మామూలు కంటికి ఆరు చుక్కలు తేలిగ్గా దొరుకుతాయి. మంచి ఆకాశం, మంచి చూపు ఉంటే ఏడూ ఎనిమిదీ, ఇంకా ఎక్కువా. లెక్కపెట్టేటప్పుడు కాగితం మీద చుక్కలు పెట్టుకుంటూ పోండి, లేకపోతే చూసినదాన్నే మళ్లీ లెక్కపెడతారు. బైనాక్యులర్స్‌లో చూస్తే నీలి తెల్ల చుక్కలు పదుల సంఖ్యలో ఒక్కసారిగా తెరుచుకుంటాయి. చలికాలపు ఆకాశంలో మొదటిసారి చూసేవాళ్లకు ఏది చూపించాలంటే మా ఓటు దీనికే. టెలిస్కోపులో మాత్రం కృత్తికలు తేలిపోతాయి. గుంపు వెడల్పు సుమారు రెండు డిగ్రీలు, చాలా టెలిస్కోపుల్లో కనిపించే మేర ఒక డిగ్రీ కూడా ఉండదు. దగ్గరకు లాగినకొద్దీ గుంపు పోయి నాలుగు విడి చుక్కలు మిగులుతాయి.

ఆరు మూలల బొమ్మ

ఇప్పుడు చుట్టూ తిరగొచ్చు. రైజెల్ నుంచి రోహిణికి, అక్కడి నుంచి ఉత్తరంగా పసుపు తెలుపులో మెరిసే బ్రహ్మహృదయానికి, అక్కడి నుంచి పునర్వసు జంటకు, తర్వాత ప్రోసియాన్‌కు, సిరియస్‌కు, తిరిగి రైజెల్‌కు. ఇదే చలికాలపు షడ్భుజి. ఆర్ద్ర దాని లోపల పడుతుంది. సిరియస్, ప్రోసియాన్, ఆర్ద్ర మూడూ కలిస్తే మూడు భుజాలూ దాదాపు సమానమైన త్రిభుజం.

రైజెల్ నుంచి ఆర్ద్ర మీదుగా గీత సాగదీస్తే మూడు పిడికిళ్ల అవతల పునర్వసు నక్షత్రాలు కాస్టర్, పొలక్స్ ఉంటాయి. రెండింటి మధ్య నాలుగున్నర డిగ్రీలు. కాస్త పసుపు రంగులో, కొంచెం ఎక్కువ ప్రకాశంగా ఉన్నది పొలక్స్. దాని చుట్టూ గ్రహం తిరుగుతోందని 2006లో తేలింది. కాస్టర్ ఒక్క చుక్కలా కనిపిస్తుంది కానీ నిజానికి ఆరు నక్షత్రాల కుటుంబం. వాటిలో రెండింటిని చిన్న టెలిస్కోపు కూడా 100 రెట్ల దగ్గర విడదీస్తుంది.

షడ్భుజి గుండా పాలపుంత పోతుంది. వేసవిలో కనిపించినంత చిక్కగా ఉండదు, ఎందుకంటే ఇప్పుడు మనం గెలాక్సీ కేంద్రానికి వీపు పెట్టి బయటి అంచు వైపు చూస్తున్నాం. అందుకే దీనికి నిజమైన చీకటి కావాలి.

ఓపిక ఉన్నవాళ్లకు ఆల్గాల్ అనే నక్షత్రం ఉంది. కృత్తికలకూ డబ్ల్యూ ఆకారపు కాసియోపియా రాశికీ మధ్య పెర్సియస్ నక్షత్రరాశిలో ఉంటుంది. రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ, మసక నక్షత్రం ప్రకాశవంతమైన దానికి అడ్డొచ్చినప్పుడల్లా వెలుగు 2.1 తరగతి నుంచి 3.4 తరగతికి పడిపోతుంది. 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి ఇది జరుగుతుంది, తగ్గి మళ్లీ పెరగడానికి మొత్తం పది గంటలు. ఒకసారి అర్ధరాత్రి కనిష్ఠంగా కనిపిస్తే, మూడో రోజు రాత్రి తొమ్మిదికి కొంచెం ముందు మళ్లీ అదే స్థితిలో ఉంటుంది. ఆ లెక్కతో మీరే ముందుగా చెప్పి సరిచూసుకోవచ్చు.

పటంలో లేని చుక్క, చంద్రుడు

వృషభంలోనో మిథునంలోనో పటంలో లేని ప్రకాశవంతమైన చుక్క కనిపిస్తే అది గ్రహమే. సూర్యచంద్రులూ గ్రహాలూ నడిచే దారి కృత్తికలకూ రోహిణికీ నడుమ నుంచి, పునర్వసుకు దిగువగా పోతుంది. గ్రహాలు మినుకుమినుకుమనవు, నిలకడగా వెలుగుతాయి. గురుడు ఏడాదికి ఇంచుమించు ఒక రాశి జరుగుతాడు, కాబట్టి నిరుడు చూసిన చోట ఈసారి ఉండడు. బైనాక్యులర్స్‌ని దేనికైనా ఆనించి కదలకుండా చూస్తే అతని పక్కన రెండు నుంచి నాలుగు చంద్రులు ఒకే గీతలో కనిపిస్తాయి.

చంద్రుడి విషయంలో చలికాలానికి ఒక చిక్కు ఉంది. పౌర్ణమి చంద్రుడు సూర్యుడికి ఎదురుగా ఉంటాడు కాబట్టి కార్తీక పౌర్ణమికి కృత్తికల దగ్గర, మార్గశిర పౌర్ణమికి మృగశిర దగ్గర, పుష్య పౌర్ణమికి పుష్యమి దగ్గర ఉంటాడు. సరిగ్గా మనం చూడాలనుకునే చోటే నిలబడి నీహారికలనూ గుచ్ఛాలనూ వెలుగులో ముంచేస్తాడు. అమావాస్యకు నాలుగైదు రోజులు అటూ ఇటూ పెట్టుకోండి. ప్రకాశవంతమైన నక్షత్రాలకైతే ఏ రోజైనా ఫరవాలేదు, నిజానికి కొత్తవాళ్లకు అర్ధచంద్రుడు ఉన్న రాత్రే తేలిక. చిన్న చుక్కలన్నీ మాయమై ముఖ్యమైనవే మిగులుతాయి.

జెమినిడ్ ఉల్కలు

ఏడాదిలో నమ్మకంగా కనిపించే ఉల్కాపాతం ఇదే. డిసెంబరు 13, 14 రాత్రుల్లో ఉద్ధృతంగా ఉంటుంది. ఆదర్శమైన చీకటిలో గంటకు 120 దాకా రావచ్చంటారు, మామూలు చోట్ల అందులో సగం కనిపించినా గొప్పే. ఉల్కలు ఎక్కువగా తోకచుక్కలు వదిలిన ధూళి, వీటికి మూలం మాత్రం 1983లో కనుగొన్న ఫేథాన్ అనే గ్రహశకలం. సెకనుకు 35 కిలోమీటర్ల వేగం. ఉల్కల లెక్కన ఇది నెమ్మది, కాబట్టి "అదిగో" అని పక్కవాళ్లకు చూపించేంత సమయం దొరుకుతుంది.

ఇవి కాస్టర్ దగ్గర నుంచి చిమ్ముతున్నట్టు కనిపిస్తాయి కానీ అటే చూస్తూ కూర్చోకండి. అక్కడ పుట్టేవాటికి తోకలు పొట్టిగా ఉంటాయి. నాలుగైదు పిడికిళ్లు పక్కకు, చీకటిగా ఉన్న వైపు చూడండి. రాత్రి తొమ్మిది, పది నుంచి మొదలై, కాస్టర్ నడినెత్తికి దగ్గరయ్యే ఒంటిగంట, రెండు గంటలకు ఎక్కువవుతాయి. మెడ పైకెత్తి పది నిమిషాలు చూసి లోపలికి వెళ్లేవాళ్లకు మూడో నాలుగో దొరుకుతాయి. పడుకుని కనీసం గంట చూడాలి. బైనాక్యులర్స్ వద్దు, చూసే మేర తగ్గిపోతుంది. కదలకుండా పడుకుంటే ఒళ్లు తొందరగా చల్లబడుతుంది. నేల చలి తగలకుండా కింద మందపాటి చాప, పైన దుప్పటి, తలకు టోపీ తప్పనిసరి.

పరికరాలూ, మంచూ

కొనాలనుకుంటే ముందు టెలిస్కోపు కాదు, 7x50 లేదా 10x50 బైనాక్యులర్స్. మొదటి అంకె ఎన్ని రెట్లు పెంచుతుందో, రెండోది ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. 20 రెట్లవి చేత్తో పట్టుకుంటే చుక్కలు గెంతుతాయి. వాడే ముందు కుడి వైపు ముందు అద్దానికి మూత పెట్టి, మధ్య చక్రంతో ఎడమ కంటికి ఒక నక్షత్రాన్ని సూది మొనంత చెయ్యండి. తర్వాత మూత ఎడమ వైపుకు మార్చి, కుడి కంటి దగ్గరున్న రింగుతో అదే పని చెయ్యండి. ఒక కన్ను మూసుకుని చేస్తే తెరిచి ఉన్న కన్ను కూడా ముడుచుకుని ఫోకస్ తప్పుతుంది. కుర్చీలో వెనక్కి వాలి మోచేతులు కుర్చీ చేతుల మీద ఆనిస్తే వణుకు పోతుంది.

ఫోనుతో ఫొటో తియ్యాలంటే స్టాండు ఉండాలి, ఫోకస్ అనంతం దగ్గర పెట్టాలి, ఐఎస్ఓ (కెమెరా కాంతిని పట్టే శక్తి) 1600, సమయం 10 సెకన్లు. 20 సెకన్లు దాటితే భూభ్రమణం వల్ల చుక్కలు గీతలవుతాయి. బటన్ నొక్కినప్పుడు ఫోను కదులుతుంది కాబట్టి 3 సెకన్ల టైమరు పెట్టండి.

చలికాలంలో పరికరాలకు అసలు శత్రువు మంచు. తెరిపి ఆకాశం కింద అద్దం తన వేడిని పైకి కోల్పోయి చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది, దాంతో గాలిలోని తేమ దాని మీద పేరుకుంటుంది. నక్షత్రాల చుట్టూ వెలుగు వలయాలు కనిపించాయంటే అద్దం చెమర్చినట్టే. బట్టతో తుడవకండి, ధూళి గీసుకుని అద్దం మీది పూత పాడవుతుంది. ముందు అద్దం చుట్టూ నల్ల కాగితంతో, అద్దం వ్యాసానికి ఒకటిన్నర రెట్లు పొడవుండేలా గొట్టం చుడితే మంచు పట్టడం చాలా ఆలస్యమవుతుంది. వాడనప్పుడు అద్దాన్ని నేల వైపు తిప్పి పెట్టండి. టెలిస్కోపు అయితే చూడటానికి అరగంట నుంచి గంట ముందే బయట పెట్టాలి. లోపలి గాలి వెచ్చగా ఉన్నంతసేపూ బొమ్మ ఉడుకుతున్నట్టు కదులుతూనే ఉంటుంది.

తిరిగి లోపలికి తెచ్చేటప్పుడు బయటే మూతలు పెట్టి, సంచిలో పెట్టి జిప్పు వేసి తీసుకురండి. చల్లటి అద్దం వెచ్చటి గదిలోకి నేరుగా వస్తే నిమిషంలో నీళ్లు పట్టేస్తుంది. గంట తర్వాత, గది వేడికి వచ్చాక, సంచి తెరిచి మూతలు తీసి రాత్రంతా ఆరనివ్వండి. తడి ఉండగానే మూసి బీరువాలో పెట్టేస్తే అద్దాల మధ్య ఫంగస్ పడుతుంది, అది పూతను తినేశాక శుభ్రం చేసినా మచ్చ పోదు.